స్పానిష్‌లో పోగొట్టుకోవడం, లాటిన్‌లో నాశనం చేయడం: రెండూ ఒకే మాట ఎలా అయ్యాయి?

ఉద్దానం_పిల్ల

అందరికీ నమస్తే. నేను ఉండేది విజయనగరం, అమ్మమ్మగారి ఊరు కవిటి పక్కన. ఇంటి నుంచే పని. మెక్సికో కస్టమర్లతో మాట్లాడే ప్రాజెక్టు ఇచ్చారు కాబట్టి ఆర్నెల్లుగా స్పానిష్‌తో కుస్తీ పడుతున్నాను. వాళ్ళ భాషలో "పెర్దేర్" అని ఒక క్రియ ఉంది, పోగొట్టుకోవడం అని నేర్పారు. తాళంచెవి పోయినా పెర్దేరే, ఆటలో ఓడినా పెర్దేరే, రైలు అందకపోయినా పెర్దేరే. సరే, బాగానే ఉంది అనుకున్నాను.

మొన్న ఒకావిడ ఫోన్ చేసి, ఫ్రిజ్ ఆగిపోయింది, లోపలున్న మాంసమంతా "సె ఎచో అ పెర్దేర్" అంది. నాకు చెవిన పడింది చివరి మాట ఒక్కటే. మాంసం ఎక్కడో పెట్టి మర్చిపోయింది కాబోలనుకుని, చాలా మర్యాదగా, "చివరిసారి ఎక్కడ చూశారండీ" అని అడిగాను. అవతల కాసేపు సౌండు లేదు. తర్వాత తెలిసింది, ఆ పలుకుబడికి అర్థం పాడైపోయింది, కుళ్ళిపోయింది అని. మా టీం లీడర్ ఆ రికార్డింగ్ అందరికీ వినిపించాడు, అది వేరే కథ.

ఇంతకీ నా డౌటు ఇది. డిక్షనరీ తిరగేస్తే ఈ మాట లాటిన్ "పెర్దెరె" నుంచి వచ్చిందనీ, అక్కడ దానికి రాసిన మొదటి అర్థమే "నాశనం చేయు" అనీ ఉంది. ఇంగ్లీషులో సర్వనాశనం, నరకం అనే అర్థంలో వాడే "పెర్డిషన్" కూడా దీని పిల్లేనట. గొడుగు బస్సులో మర్చిపోవడానికీ, ఊరు తగలబెట్టడానికీ ఒకే మాట ఏమిటండీ? ఒకటి ముందు పుట్టి రెండోది తర్వాత వచ్చిందా? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

పలాస_పప్పు

"చివరిసారి ఎక్కడ చూశారండీ" దగ్గర టీ ముక్కులోంచి వచ్చింది నాకు.

నాశనమైతే ఇక వస్తువు ఉండదు, ఉండకపోతే పోయినట్టే. ఇందులో తిరకాసు ఏముందమ్మా.

గంటస్తంభం_మాష్టారు

పప్పు గారు నవ్వులాటకి అన్నా సగం నిజమే అన్నారు. మిగతా సగం నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది. నలభై ఏళ్ళు తెలుగూ సంస్కృతం చెప్పి రిటైరయ్యాక లాటిన్ మీద పడ్డవాణ్ణి, ఎక్కడైనా జారితే పట్టుకోండి.

పెర్దెరెలో రెండు ముక్కలున్నాయి, పెర్, దరె. దరె అంటే ఇవ్వడం. దానం, దాత అనే మాటల్లో ఉన్న సంస్కృతం "దా" ధాతువుకి చుట్టం. అయితే ముందు ఉపసర్గ తగిలినప్పుడు లాటిన్‌లో "ఇచ్చు" అనే ధాతువూ, "పెట్టు" అనే ధాతువూ (సంస్కృతంలో "ధా") ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఏది ఏదో విడదీయడం కష్టం. పెర్ అంటే మామూలుగా "గుండా", ఈ కొస నుంచి ఆ కొస దాకా. కానీ కొన్ని మాటల ముందు చేరితే మాటని దారి తప్పిస్తుంది. ఫిదేస్ అంటే నమ్మకం, పెర్ఫిదుస్ అంటే నమ్మించి మోసం చేసేవాడు. ఒట్టు వేయడం అనే క్రియకి పెర్ తగిలిస్తే అది దొంగ ఒట్టు, కోర్టులో పెర్జురీ అంటారే, అదే. కాబట్టి పెర్దెరెని నేనైతే "ఇక తిరిగి రాని చోటికి ఇచ్చేయడం" అని అర్థం చేసుకుంటాను. ఇవ్వడం అనే మంచి పని దారి తప్పితే నాశనం అయింది.

దీనికి ఇద్దరు అన్నదమ్ములున్నారు. వేందెరె అంటే అమ్మడం. క్రేదెరె అంటే నమ్మడం, అప్పివ్వడం కూడా. ఇది సంస్కృతం "శ్రద్ధ"తో అక్షరాలా ఒకే పాత మాట. అంటే అమ్మడం, నమ్మడం, పోగొట్టుకోవడం ముగ్గురూ ఒక్క కడుపున పుట్టారు. జీడిపప్పు వ్యాపారంలో ఉన్నవాళ్ళకి ఈ చుట్టరికం నేను కొత్తగా చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి. పెర్దెరెకి జంట క్రియ ఒకటుంది, పెరీరె. ఇందులో ఈరె అంటే వెళ్ళడం, పోవడం. పెరీరె అంటే అయిపోవడం, నశించడం, చావడం. ఇంగ్లీషు పెరిష్ దీన్నుంచే వచ్చింది. పుస్తకాల లాటిన్‌లో "నాశనం చేయబడింది" అని పెర్దెరెని కర్మణిలో దాదాపు రాయరు, ఆ చోట పెరీరె వచ్చి కూర్చుంటుంది. ఒకడు పోగొడితే ఇంకొకటి పోతుంది. ఇప్పుడు తెలుగు చూడమ్మా. పోవు, పోగొట్టు. గొడుగు పోయింది, ప్రాణం పోయింది, పరువు పోయింది, కరెంటు పోయింది, ఆయన పోయాడు. నడిచి వెళ్ళే క్రియతోనే మనం చావునీ నష్టాన్నీ చెప్పుకుంటాం, రోములో వాళ్ళూ అంతే. సంస్కృతం సంగతి వేరు, తెలుగుకీ లాటిన్‌కీ మాత్రం చుట్టరికం లేదు, ఎవరి దగ్గరా ఎవరూ అరువు తెచ్చుకోలేదు, అయినా ఇద్దరికీ అదే తోచింది.

ఏది ముందు, ఏది వెనక అని అడిగావు. ఇంచుమించు 2200 ఏళ్ళ కిందటి రోము నాటకకర్త ప్లాతుస్ నాటకాల్లోనే రెండర్థాలూ పక్కపక్కన కనిపిస్తాయి, దండగ చేయడం అనే మూడోది కూడా. "నూనే పోయింది, శ్రమా పోయింది" అని అందులో ఒక మాట ఉంది, మనం బూడిదలో పోసిన పన్నీరు అంటాం. అక్కడా పెర్దెరే. తీతుస్ చక్రవర్తి ఒక రాత్రి భోజనాల దగ్గర, ఈ రోజు ఎవరికీ ఏ మేలూ చేయలేదే అని గుర్తొచ్చి, "మిత్రులారా, ఒక రోజు పోగొట్టుకున్నాను" అన్నాడని చెప్తారు. దియెమ్ పెర్దిదీ. రోజు పాడుచేసుకున్నాను అనవచ్చు, రోజు దండగైంది అనవచ్చు. క్రీ.శ. 70లో జెరూసలేంని కాల్చి నేలమట్టం చేసిన సేనాపతి కూడా ఈయనే, ఆ నాశనానికి ఆయన అంత బాధపడినట్టు లేదు.

బొబ్బిలి_వీణ

మాష్టారూ, ఒక్క చిన్న అడ్డు. తెలుగులో పోగొట్టాడు వేరు, పోగొట్టుకున్నాడు వేరు కదా. ఆస్తి పోగొట్టాడు అంటే కొడుకుని తిడుతున్నాం, పోగొట్టుకున్నాడు అంటే జాలిపడుతున్నాం. "మందు నొప్పిని పోగొట్టింది" అంటాం కానీ "పోగొట్టుకుంది" అనం. మీరు రెండూ ఒకటే అన్నట్టు రాసేశారు.

గంటస్తంభం_మాష్టారు

భేష్. నేను రాయాల్సింది అదే, తీతుస్ వెంటపడి వదిలేశాను. పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబు ఆ "కొను"లోనే ఉంది. పాడుచేశాడు, పాడుచేసుకున్నాడు. చెడగొట్టాడు, చెడగొట్టుకున్నాడు. దెబ్బ ఎవరికి తగిలిందో మనకి కొను చెప్తుంది. లాటిన్ పెర్దెరెకి ఆ తోక లేదు. వస్తువు ఇదివరకు ఉంది, ఇప్పుడు లేదు, కారణం ఫలానావాడు, అంతవరకే అది చెప్తుంది. వాడు కావాలని చేశాడా, చేజారిందా, పోయింది వాడి సొమ్మా పక్కవాడి సొమ్మా అనేది వాక్యంలో మిగతా మాటలు చూసి తెలుసుకోవాలి. "శత్రువులని" అని ముందుంటే నాశనం చేయడం, "డబ్బు" అని ముందుంటే పోగొట్టుకోవడం.

స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్ వాళ్ళు తర్వాత్తర్వాత పోగొట్టుకునే వైపుకి ఒరిగారు, నాశనం చేయడానికి వేరే క్రియలు తెచ్చుకున్నారు. పాత అర్థం పూర్తిగా చావలేదనడానికి నీ మెక్సికో ఆవిడ మాంసమే సాక్ష్యం. ఇటాలియన్‌లో అయితే కుళాయి కారుతోంది అనడానికి కూడా ఇదే క్రియ వాడతారు, కుళాయి పోగొట్టుకుంటోంది అని.

పలాస_పప్పు

మాష్టారూ, అమ్మడం అన్నారు కాబట్టి ఒక మాట. మా జీడిపప్పు బజార్లో "ఈరోజు గుండు ఎంతకి పోతోంది, బద్ద ఎంతకి పోతోంది" అనే అడుగుతారు. ఎంతకి అమ్ముడవుతోంది అని ఎవడూ నోరంతా తిప్పుకుని అడగడు. అక్కడ కూడా పోవడమే కదా? నష్టం లేకుండా పోతే మంచిదేలెండి.

గంటస్తంభం_మాష్టారు

అబ్బ, ఇది నాకు తట్టలేదు సుమండీ! వేందెరె (అమ్మడం) కి కూడా జంట క్రియ ఉంది, వేనీరె, అంటే అమ్ముడుపోవడం. దాన్ని విప్పితే "అమ్మకానికి పోవడం" అని వస్తుంది, అందులోనూ అదే ఈరె. ఒకడు అమ్మకానికి ఇస్తాడు, సరుకు అమ్మకానికి పోతుంది. ఒకడు పోగొడతాడు, వస్తువు పోతుంది. పలాస బజార్లో దొరికిన ఈ ఉదాహరణ నా నోట్సులో ఎక్కించుకుంటున్నాను.

విజీనగరం_కోడర్

నేను ఇన్నాళ్ళూ నాశనానికి లాటిన్ మాట అంటే డిలీట్ అనుకున్నాను. అది వేరేనా?

గంటస్తంభం_మాష్టారు

వేరే బాబూ. అది దేలేరె, తుడిచేయడం, రూపుమాపడం. శత్రువుల కార్తేజ్ నగరాన్ని రూపుమాపాల్సిందే అని రోము నాయకుడు ముసలి కాతో సెనేట్‌లో పదేపదే అన్నది ఆ మాటతోనే, క్రీ.పూ. 146లో రోము సైన్యం ఆ పనీ చేసింది. దాని పుట్టుక మీద రెండు అభిప్రాయాలున్నాయి. పూయడం, పులమడం అనే క్రియ నుంచి వచ్చిందని కొందరంటారు, నాశనం చేయడం అనే ఇంకో పాత ధాతువు నుంచి అని మరికొందరు. నాకు మొదటిది ముచ్చటగా ఉంటుంది. వాళ్ళు మైనం పూసిన పలక మీద గంటంతో గీసి రాసేవారు, తప్పు పోతే గంటం రెండో కొసతో, అది చదునుగా ఉండేది, మైనాన్ని రుద్ది సాపు చేసేవారు. ముచ్చట వేరు, రుజువు వేరు, అది కూడా చెప్పాలి.

ఇంగ్లీషులో హానికరం అనే అర్థంలో డెలిటీరియస్ అని ఒకటుంది, చూడ్డానికి డిలీట్‌కి చెల్లెల్లా ఉంటుంది. అది గ్రీకు మాట, దీనికేమీ కాదు. నేనూ ఒకప్పుడు క్లాసులో తప్పు చెప్పాను.

విజీనగరం_కోడర్

భలే. మాకూ ఇలాంటిదే ఉంది మాష్టారూ. కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ కోడులో డిలీట్ నంబరు 127, అంటే ఏడు బిట్లూ ఒకట్లే. పాత రోజుల్లో కాగితం టేపుకి కన్నాలు పొడిచి డేటా రాసేవారు. ఒకసారి పొడిచిన కన్నాన్ని పూడ్చలేం కదా, అందుకని తప్పు పడిన చోట మిగతా కన్నాలు కూడా పొడిచేసేవారు. ఏడు కన్నాలూ ఉంటే ఇక్కడ ఏమీ లేదనుకుని మెషీన్ ముందుకి పోయేది. చెరపడానికి నింపేయడం అన్నమాట.

సరే, టాపిక్ తప్పించాను, సారీ.

ఆమదాలవలస_జంక్షన్

నేను కొన్నాళ్ళు సెమినరీలో చదివాను, మధ్యలో మానేశాను, లాటిన్ మాత్రం కొంచెం అంటుకుని ఉండిపోయింది. ఉద్దానం చెల్లెమ్మకి పనికొచ్చేది ఒకటి చెప్తాను. లూకా సువార్త 15వ అధ్యాయంలో వరసగా మూడు కథలున్నాయి. తప్పిపోయిన గొర్రె, పోయిన నాణెం, తప్పిపోయిన కుమారుడు. లాటిన్ బైబిల్‌లో నాణెం గురించి ఆ ఇల్లాలు చెప్పేటప్పుడు "పెర్దిదెరమ్", అంటే నేను పోగొట్టుకున్నాను, అంటుంది. కొడుకు గురించి తండ్రి మాత్రం "పెరియెరత్" అంటాడు, వాడు పోయాడు, దొరికాడు అని. దానికి ముందు మాటే "చనిపోయాడు, మళ్ళీ బతికాడు". అంటే పెరియెరత్‌ని తప్పిపోయాడు అనుకోవచ్చు, నశించాడు అనుకోవచ్చు, చెవికి రెండూ వినిపిస్తాయి. గ్రీకు మూలంలో ఉన్న క్రియకి కూడా నాశనం చేయడం, పోగొట్టుకోవడం రెండూ అర్థాలే. తెలుగులో మనం "తప్పిపోయిన" అని ఎంచుకున్నాం. సంతలో చెయ్యి వదిలేసిన పిల్లాడు గుర్తొస్తాడు ఆ మాటకి, చావు వినిపించదు. తప్పని అనను కానీ కొంత పోయింది. (ఇక్కడా పోయింది!)

బొబ్బిలి_వీణ

తప్పిపోయిన అంటే తప్పు చేసిన అని కూడా వినిపిస్తుంది కదా, నాకు ఆ అనువాదం నచ్చుతుంది.

మాష్టారూ, సంస్కృతంలో ఇలాంటిది లేదా? ఈ డౌటు ముందు నుంచీ పీకుతోంది.

గంటస్తంభం_మాష్టారు

ఉంది, రోజూ నోట్లో నానుతోంది కాబట్టే పట్టించుకోం. నష్టం, నాశనం. రెండూ "నశ్" అనే ఒకే ధాతువు పిల్లలు. వ్యాపారంలో వచ్చేది నష్టం, తుఫానులో జరిగేది నాశనం అని మనం వాటాలు పంచుకున్నాం గానీ, పాత సంస్కృతంలో నష్టం అంటే కనబడకుండా పోయినది. ఋగ్వేదం ఆరో మండలంలో పూష దేవుణ్ణి, మా నష్టమైనదాన్ని మళ్ళీ మా దగ్గరికి తోలుకురా అని వేడుకునే మాట ఉంది, అక్కడ నష్టం అంటే తప్పిపోయిన పశువే. ఆమదాలవలస తమ్ముడి గొర్రె పక్కన కట్టేసుకోవచ్చు. ఈ నశ్ లాటిన్‌లో పెర్దెరెకి చుట్టం కాదు, అక్కడ దాని చుట్టాలు నెక్స్ (హత్య), నొకేరె (హాని చేయడం). ఇంగ్లీషు ఇన్నొసెంట్ అందులోంచే, హాని చేయనివాడు అని.

వీణమ్మా, నీకు నచ్చే మాట ఇంకొకటి చెప్తాను. పెర్దితుస్. పెర్దెరె నుంచి వచ్చిన విశేషణం. అప్పుల్లో మునిగి చితికిపోయినవాడూ పెర్దితుసే, నీతి తప్పినవాడూ పెర్దితుసే. ప్రేమలో పీకల దాకా కూరుకుపోయినవాడు కూడా, మనం "పిచ్చిగా" అన్నట్టు వాళ్ళు "పెర్దితే" ప్రేమిస్తారు.

బొబ్బిలి_వీణ

అది మన "చెడ్డవాడు" కదండీ! బతికి చెడ్డవాడు అంటే ఆస్తి పోయినవాడు, ఉత్తినే చెడ్డవాడు అంటే గుణం లేనివాడు. చెడి స్నేహితుడింటికి వెళ్ళొచ్చు గానీ చెల్లెలింటికి వెళ్ళకూడదు అని మా నాయనమ్మ అనేది. ఆవిడ తిట్లు మొదలెడితే "నాశనమైపోను" తో మొదలు, "నీ నోరు పడిపోను" దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ మొదటికి.

గంటస్తంభం_మాష్టారు

రోము నాటకాల్లో సరిగ్గా అదే తిట్టు. దీ తే పెర్దుఇంత్, దేవుళ్ళు నిన్ను నాశనం చేయాలి అని. తమాషా ఏమిటంటే ఆ పెర్దుఇంత్ అనేది అప్పటికే పాతబడిన రూపం, మామూలుగా అయితే పెర్దంత్ అనాలి. తిట్టులో ఇరుక్కుని బతికిపోయింది. మీ నాయనమ్మగారి "పడిపోను" కూడా అంతే, నోరు పడిపోవాలి అనే అర్థంలో ఆ "ను" మనం ఇప్పుడు ఇంకెక్కడ వాడుతున్నాం చెప్పండి, తిట్లలో తప్ప? వ్యాకరణం పుస్తకంలో చచ్చినా తిట్టులో బతుకుతుంది. గిడుగువారి జిల్లాలో ఈ మాట అనడానికి నాకు భయం లేదు.

చివరగా ఉద్దానం అమ్మాయికి ఒక్క పంక్తి. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో కతుల్లుస్ అనే కవి, ప్రేమించిన మనిషి దూరమైతే తనకి తాను చెప్పుకున్నది, అందులో పెరీరె, పెర్దెరె రెండూ పక్కపక్కన ఉన్నాయి. క్వొద్ విదేస్ పెరిస్సె పెర్దితుమ్ దూకాస్. తెలుగులో: పోయిందని కళ్ళారా చూస్తున్నదాన్ని పోగొట్టుకున్నట్టే లెక్కేసుకో. దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి వాళ్ళు నానా తంటాలు పడతారు, మనకి సునాయాసంగా వచ్చేసింది.

ఉద్దానం_పిల్ల

అందరికీ చాలా థాంక్స్. ఒక డౌటు అడిగితే ఇంత వస్తుందనుకోలేదు. ఆ చివరి పంక్తి రాత్రి రెండుసార్లు చదువుకున్నాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను అమ్మమ్మ దగ్గరే ఉన్నాను, దసరా సెలవులు. రాత్రంతా తలుపుకి మంచం అడ్డం పెట్టి కూర్చున్నాం. తెల్లారి పెరటి తలుపు తీస్తే ఎదురుగా ఆకాశం కనిపించింది, అంతకుముందు అక్కడ ఎప్పుడూ ఆకాశం కనిపించేది కాదు. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్ళతో లేచి పడిపోయాయి, కొన్నిటికి మొదలు నిలబడి మొవ్వు విరిగిపోయింది, జీడి తోటలో అయితే నడవడానికి దారి లేదు. కొన్నాళ్ళకి నష్టం రాసుకోడానికి ఒకబ్బాయి కాగితాలు పట్టుకుని వచ్చాడు. "ఎన్ని చెట్లు నష్టపోయారు మామ్మా" అని అడిగాడు. అమ్మమ్మ నంబరు చెప్పలేదు. నూతి దగ్గరది, మీ తాత పెళ్ళయిన ఏడు నాటినాడు, దాని పక్కది రెండో కాన్పప్పుడు, గట్టు మీదది పిడుగు పడినా బతికినాది, అలా ఒక్కొక్కటీ చెప్తూ పోయింది. ఆ అబ్బాయి పాపం విసుక్కోలేదు, వింటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, 43 వచ్చాయి. మళ్ళీ ఖాయం చేసుకోడానికి "అన్నీ నష్టమేనా మామ్మా" అన్నాడు. "పోనాయి రా బాబూ. అన్నీ పోనాయి. రాసుకో" అంది.

"దూకాస్" అంటే ఆ "రాసుకో" లాంటిదేనా మాష్టారూ?

గంటస్తంభం_మాష్టారు

అదేనమ్మా. దూకెరె అంటే అసలు లాగడం, నడిపించడం. లెక్కల దగ్గరికొచ్చేసరికి ఎంచడం, కట్టుకోవడం అవుతుంది. చివర ఉన్న "స్" అంటే "నువ్వు". కవి తనకి తాను చెప్పుకున్నాడు, మీ అమ్మమ్మ ఆ అబ్బాయికి చెప్పింది.

పలాస_పప్పు

మాకూ పోయాయి తల్లీ, మాది జీడి. ఇప్పుడు మీ పెరట్లో ఎన్నున్నాయి?

ఉద్దానం_పిల్ల

30 నాటాం, 19 బతికాయి. నిరుడు మొదటి గెల దిగింది. అందులో రెండు కాయలు కోతులు పట్టుకుపోయాయి, పెర్దేర్ ఏ అర్థంలో వాడాలో మీరే చెప్పండి.